ఫోటో మెల్‌బోర్న్‌ది, హాలు మలక్‌పేటది

ఈ ఎపిసోడ్‌లో హాలు గురించి మాట్లాడుకుందాం. లివింగ్ రూమ్ అనండి, డ్రాయింగ్ రూమ్ అనండి, ఇక్కడి పాత ఇళ్లల్లో దివాన్‌ఖానా అనేవాళ్లు. మనందరికీ మాత్రం అది హాలే.

ఇవాళే ఎందుకు హాలు అంటే, ఈ మధ్య నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఒకే రకంగా ఉంటున్నాయి. "సార్, ఒక ఫోటో వాట్సాప్ చేస్తున్నా, హాలు అట్లా కావాలి" అంటారు. తెరిచి చూస్తే తెల్లటి గోడలు, నేల నుంచి పైదాకా అద్దాలు, చెక్క ఫ్లోరు, బూడిద రంగు ఎల్ షేపు సోఫా. హాలుకూ వంటింటికీ మధ్య గోడే ఉండదు. అడక్కుండానే నాకు తెలిసిపోతుంది, అబ్బాయో అమ్మాయో ఆస్ట్రేలియాలో ఉన్నారని. మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్, ఎటు పోయినా ఇదే. పిల్లలు మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో ఉంటారు. తల్లిదండ్రులు ఇక్కడ పాత ఇంట్లో ఉంటారు. పిల్లలు ప్రేమతోనే డబ్బు పంపిస్తారు, "అమ్మా, హాలు కొత్తగా చేయించుకోండి" అని. డబ్బుతో పాటు ఫోటో కూడా వస్తుంది.

ఫోటో పంపడం తప్పని నేననను. నేను చెప్పేది ఒక్కటే. ఫోటోను తెచ్చుకోకండి, ఆ ఫోటో వెనక ఉన్న లెక్కను తెచ్చుకోండి. ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు. నేనే చేసిన ఒక తప్పులో దొరికింది. ముందు అది చెప్తా.

మూసారాంబాగ్ దగ్గర ఒక ఇల్లు. నూట యాభై గజాల్లో 1980లలో కట్టింది. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. కింద డెబ్భై దాటిన ఒక అమ్మ ఒక్కతే ఉంటది, పైన కిరాయికి ఇచ్చారు. ఇల్లు పడమర ముఖం. ముందు ఐదడుగుల వరండా, దానికి గ్రిల్లు, పైన సిమెంటు రేకులు, కింద షాబాద్ బండలు. లోపల పదకొండు బై పదిహేను అడుగుల హాలు, మొజాయిక్ ఫ్లోరు. వరండా వైపు కిటికీ, ఆ కిటికీ కింద ఒక దివాన్. ఆమె పొద్దున లేచింది మొదలు ఆ దివాన్ మీదే. అక్కడి నుంచి గేటు కనపడుతుంది, పాలబ్బాయి కనపడతాడు, వీధిలో ఎవరు పోయినా పలకరిస్తారు. చిక్కుడుకాయలు ఒలిచేది అక్కడే, మధ్యాహ్నం నడుం వాల్చేది అక్కడే, కొడుకుతో వీడియో కాల్ మాట్లాడేది కూడా అక్కడే.

కొడుకు మెల్‌బోర్న్‌లో. ఫోటో వచ్చింది, డబ్బులు వచ్చాయి, పని నాకు వచ్చింది. నేను చాలా ఉత్సాహంగా చేశాను. వరండాను హాల్లో కలిపేశాను. ముందు వైపు మొత్తం అద్దం పెట్టించాను. మొజాయిక్ మీద చెక్క డిజైన్ టైల్స్ వేయించాను. ఫాల్స్ సీలింగు, లోపల లైట్లు, ఎల్ షేపు సోఫా. దివాన్ తీసి పైకి డాబా మీది రేకుల గదిలో పెట్టించాను. ఫోటోకూ హాలుకూ తేడా లేదు. కొడుకు వీడియో కాల్‌లో చూసి "అచ్చం మా ఇంట్లో లాగానే ఉందండీ" అన్నాడు. నేను కూడా పొంగిపోయాను.

మూడు నెలల తర్వాత ఏప్రిల్‌లో ఏదో చిన్న రిపేరు ఉందంటే పోయాను. మధ్యాహ్నం మూడున్నర. హాల్లో ఎవరూ లేరు, సోఫా మీద దుప్పటి కప్పి ఉంది. ఆ అమ్మ వంటింట్లో ప్లాస్టిక్ కుర్చీలో గోడకు ఆనుకుని కూర్చుంది. "ఏమ్మా, హాల్లో కూర్చోవట్లేదా?" అని అడిగాను. "అది బాబు హాలు కదా బిడ్డా. ఎండ మండిపోతది. ఆ సోఫాలో కూర్చుంటే లేవనికి రాదు. మాసిపోతదేమోనని భయం కూడా" అన్నది. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నది. అందుకే నాకు ఇంకా ఎక్కువ తగిలింది.

చూడండి, రెండు మూడేళ్లకోసారి మూడు వారాలు వచ్చే మనిషి కోసం, ఏడాదిలో మూడు వందల అరవై ఐదు రోజులూ ఉండే మనిషి చోటు తీసేశాను. అదీ ఆమె ఇంట్లోనే. ఇది డిజైన్ తప్పు మాత్రమే అనుకోకండి, మనిషిని లెక్కలోకి తీసుకోని తప్పు. దీన్ని ఎలా సరిచేశామో చివర్లో చెప్తాను. ముందు ఆ ఫోటోలో ఏముందో ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

మొదటిది అద్దం. మెల్‌బోర్న్ భూమధ్యరేఖకు దక్షిణాన దాదాపు 38 డిగ్రీల దగ్గర ఉంది. మన హైదరాబాద్ ఉత్తరాన 17 డిగ్రీల మీద కొంచెం. అక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వస్తాడు. జూన్, జూలై వాళ్లకు చలికాలం. జూన్ చివర్లో మధ్యాహ్నం పన్నెండింటికి కూడా సూర్యుడు ఆకాశంలో దాదాపు 29 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అందుకని అక్కడ మంచి డిజైనర్లు హాలును ఉత్తరం వైపు పెట్టి పెద్ద అద్దం పెడతారు. చలికాలం ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి నేలను వెచ్చబరుస్తుంది. డిసెంబరులో అదే సూర్యుడు 75 డిగ్రీల పైకి పోతాడు. అప్పుడు చూరు అడ్డం వచ్చి ఎండ అద్దం మీద పడదు. అంటే ఆ అద్దం అందానికి మాత్రమే కాదు, చలికి వాళ్లు పెట్టుకున్న పొయ్యి లాంటిది. దానికి రెండు పొరల అద్దం, గోడల్లో ఇన్సులేషన్ కూడా తోడవుతాయి. అక్కడ కొత్త ఇళ్లకు ఎనర్జీ రేటింగు ఉంటుంది. 2022 నాటి వాళ్ల నిర్మాణ నియమావళి దాన్ని ఆరు స్టార్ల నుంచి ఏడుకు పెంచింది. మనం ఫ్రిజ్ మీద స్టార్లు చూసి కొంటామే, అట్లా వాళ్లు ఇంటికి లెక్క చూస్తారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మన ఊళ్లో సూర్యుడు ఏడాదికి రెండు రోజులు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. 2023లో అది మే 9న, ఆగస్టు 3న వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు నీడే పడదు. అంటే మనకు ఎండాకాలం వేడి ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది, పైన స్లాబు నుంచి, సాయంత్రం పడమటి గోడ నుంచి. పడమటి ఎండ కిందికి వాలి వస్తుంది కాబట్టి ఛజ్జా ఎంత పెట్టినా దాని కింద నుంచి దూరి లోపలికి వస్తుంది. నేనేం చేశాను? చలిదేశం వాళ్లు వెచ్చదనం కోసం పెట్టుకున్న అద్దాన్ని తెచ్చి మన పడమటి ఎండకు ఎదురుగా పెట్టాను. అడ్డంగా ఉన్న వరండాను కూడా తీసేశాను. మన పెద్దవాళ్లు వరండా ఊరికే కట్టలేదండీ. అది ఎండకూ హాలుకూ మధ్య నిలబడ్డ గొడుగు.

కాబట్టి మీ ఇల్లు పడమర ముఖమైతే వరండాను హాల్లో కలిపే ముందు పదిసార్లు ఆలోచించండి. ఇప్పటికే కలిపేసి ఉంటే, అద్దానికి లోపలి నుంచి మందపాటి పరదా వేసి లాభం తక్కువ. వేడి అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది కదా. నీడ బయట ఉండాలి. వెదురు తడికలు అద్దానికి బయటి వైపు కట్టండి, మధ్యాహ్నం దించి సాయంత్రం ఎత్తేయండి. లేదంటే నిలువు జాలీ, గేటు పక్కన ఒక చెట్టు. మీది పై అంతస్తు అయితే స్లాబు మీద తెల్లటి కూల్ పెయింట్ గానీ, మామూలు సున్నం గానీ కొట్టించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. హాల్లో పెట్టే ఖర్చులో ముందు ఖర్చు డాబా మీద పెట్టండి. ఆ తర్వాత ఏసీ ఎన్ని టన్నులో చూసుకోవచ్చు.

అద్దంతో పాటు గాలి. పాత ఇళ్లల్లో తలుపు పైన చిన్న వెంటిలేటర్లు ఉండేవి, గుర్తుందా? వేడిగాలి పైకి పోతుంది, ఆ వెంటిలేటరు గుండా బయటికి పోతుంది. మనం ఫాల్స్ సీలింగు వేసి వాటిని మూసేస్తున్నాం. ఫాల్స్ సీలింగు వద్దనట్లేదు. మొత్తం కప్పకండి. అంచుల వెంట అడుగున్నర వెడల్పు పట్టీలాగా వేసి, మధ్యలో స్లాబును అట్లాగే వదిలేయండి. లైట్లు వస్తాయి, ఎత్తు తగ్గదు, వెంటిలేటర్లు ఉన్న చోట పట్టీ వేయకుండా వదిలిపెట్టొచ్చు. ఫ్యాను రెక్కలకూ పైకప్పుకూ మధ్య ఒక అడుగైనా ఖాళీ ఉండేట్టు చూసుకోండి, లేకపోతే ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు.

రెండోది గోడ. ఫోటోలో వంటింటికీ హాలుకూ మధ్య గోడ ఉండదు. "సార్, ఆ గోడ కొట్టేస్తే హాలు పెద్దగా అయితది కదా" అంటారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆస్ట్రేలియాలో విడి ఇళ్లు చాలావరకు చెక్క ఫ్రేము మీద నిలబడతాయి. బయటికి కనపడే ఇటుక గోడ పైపూత లాంటిది, బరువు మోసేది లోపలి చెక్క ఫ్రేము. లోపలి గోడలు చెక్క పట్టీల మీద బిగించిన బోర్డులు. అందులో బరువు మోయనివి చాలా ఉంటాయి, తీయడం తేలిక. మోసే గోడ తీయాలంటే అక్కడ కూడా ఇంజినీరు లెక్క కావాలి, అనుమతి కావాలి.

మన దగ్గర 1970లు, 80లలో కట్టిన ఇళ్లల్లో చాలావాటికి పిల్లర్లు ఉండవు. తొమ్మిదంగుళాల గోడలే స్లాబును మోస్తాయి. దాని మీద పై అంతస్తు కూడా ఉంటుంది. ఆ గోడ తీయడమంటే టేబులు కాలు తీసేయడమే. కొందరు మేస్త్రీలు "ఏం కాదు సార్, ఒక గర్డరు పెడదాం" అంటారు. గర్డరు పెట్టొచ్చు. కానీ ఎంత సైజుది, రెండు చివర్లా దేని మీద ఆనాలి, తీసేటప్పుడు స్లాబుకు కింద సపోర్టు ఎక్కడెక్కడ నిలపాలి, ఇవన్నీ స్ట్రక్చరల్ ఇంజినీరు కాగితం మీద రాసివ్వాలి. నోటిమాటతో గోడ కొట్టొద్దు. గోడ మందం కొలవండి. నాలుగున్నర అంగుళాల గోడ అయితే అడ్డుగోడ అయ్యే అవకాశం ఎక్కువ, అయినా అడగాల్సిందే. అపార్ట్‌మెంట్లలో పిల్లర్లు, బీములు ఉంటాయి కాబట్టి లోపలి గోడలు మామూలుగా బరువు మోయవు. అయినా దాంట్లో పైపులు, కరెంటు లైన్లు పోతుంటాయి, చూసుకునే కొట్టాలి. మూసారాంబాగ్ ఇంట్లో నేను చేసిన మంచి పని ఇదొక్కటే. ఇంజినీరును పిలిచాను, ఆయన వద్దన్నాడు, గోడ ముట్టుకోలేదు.

ఇంకో మాట. గోడ తీస్తే మన పోపు ఎటు పోతుంది? ఎండుమిరపకాయ, ఇంగువ, చేపల పులుసు, అంతా సోఫా బట్టలోకి పోతుంది. నవ్వకండి. మెల్‌బోర్న్ శివార్లలో ఇళ్లు కట్టుకునే మనవాళ్లు ఈ బాధ పడలేకనే వెనక ఇంకో చిన్న వంటగది కట్టించుకుంటున్నారు. స్పైస్ కిచెన్ అంటారు. ముందున్న ఓపెన్ కిచెన్ చూడడానికి, వెనకున్నది వండడానికి. ఫోటోలో మీకు ముందుదే కనపడుతుంది. మన దగ్గర ఉన్న ఒక్క వంటింటి గోడ కొట్టేసుకుని వాళ్లలాగా ఉండాలనుకుంటున్నాం, వాళ్లేమో మన వంటిల్లు మళ్లీ కట్టుకుంటున్నారు.

మూడోది ఫ్లోరు. చెక్క ఫ్లోరు చలిదేశంలో కాలికి వెచ్చగా ఉంటుంది. మనకు కావాల్సింది కాలికి చల్లగా ఉండే నేల. మన చుట్టుపక్కల ఎన్ని రకాల బండలున్నాయో చూడండి. తాండూరు నుంచి నీలం రంగు, పసుపు రంగు బండలు, కర్ణాటక వైపు షాబాద్ బండలు, రాయలసీమ నుంచి బేతంచెర్ల, కడప బండలు. ఇవన్నీ సున్నపురాయి జాతివి. పాలిష్ పట్టిస్తే ఇవాళ్టి ఏ హాలుకైనా సరిపోతాయి. ఎల్బీనగర్, నాగోల్ వైపు టైల్స్ షాపుల్లో దొరికే టైల్స్ చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. అవీ మంచివే, నేనూ వేస్తాను. కానీ మీ ఇంట్లో పాత మొజాయిక్ పగుళ్లు లేకుండా ఉంటే మాత్రం దాన్ని కొట్టేయకండి, దాని మీద వేరేది కప్పకండి. మిషన్‌తో మళ్లీ పాలిష్ పట్టించండి. రెండు మూడు రోజుల పని. మెరిసిపోతుంది. ముసలివాళ్లున్న ఇంట్లో గ్లాసీ టైల్స్ మాత్రం వద్దు. తడి కాలు పడితే జారిపోతారు. మ్యాట్ ఫినిష్ తీసుకోండి.

ల్యామినేట్ చెక్క ఫ్లోరు గ్రౌండ్ ఫ్లోర్‌లో అస్సలు వద్దు. ఎందుకో మన ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరు 13 రాత్రి ఎవరు మర్చిపోతారు? మూసారాంబాగ్ బ్రిడ్జి మీదుగా మూసీ పోయింది. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో, చైతన్యపురి వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. 1908 సెప్టెంబరు వరద మన తాతలు చెప్పిన కథ, 2020 మనం చూసిందే. నీళ్లు దిగిపోయాక నేను కొన్ని ఇళ్లకు పోయాను. బండలు, మొజాయిక్ కడిగితే చాలు, మళ్లీ మామూలయ్యాయి. ఎండీఎఫ్ టీవీ యూనిట్లు, పార్టికల్ బోర్డు షూ ర్యాకులు రొట్టెలాగా ఉబ్బి విడిపోయాయి. నాలుగు తరాల టేకు దర్వాజాలు మాత్రం అట్లాగే నిలబడి ఉన్నాయి.

కాబట్టి నీళ్లొచ్చే వీధి అయితే టీవీ యూనిట్ నేల మీద పెట్టకండి, గోడకు బిగించండి. ప్లగ్ పాయింట్లు అడుగు ఎత్తులో కాకుండా మూడడుగుల పైన పెట్టించండి. చెక్క కొనేటప్పుడు "వాటర్‌ప్రూఫ్ సార్" అన్న మాట వినకండి, షీటు మీద అచ్చు చదవండి. ఐఎస్ 710 అని ఉంటే అది మెరైన్ గ్రేడు, నీళ్లను తట్టుకునే రకం. ఐఎస్ 303 లో ఎంఆర్ గ్రేడు అంటే గాలిలో తేమను తట్టుకుంటుందంతే, నీళ్లలో నానితే పాడవుతుంది. కింద నేలకు దగ్గరుండే పెట్టెలకు 710 వాడండి, పైన అరలకు 303 చాలు. అంతా ఖరీదైనదే వాడాల్సిన పనిలేదు.

చెమ్మ గురించి కూడా ఇక్కడే చెప్తా. పాత గోడల్లో కింద రెండు మూడడుగులు లప్పం పెచ్చులు ఊడుతుంటుంది. అది కనపడకుండా చెక్క ప్యానెల్ బిగించేస్తున్నారు. జబ్బుకు మందు వేయకుండా చొక్కా తొడిగినట్టే. ప్యానెల్ వెనక బూజు పెరుగుతుంది, చెదలు వస్తాయి. ముందు పరీక్ష చేయండి. ఒక అడుగు పాలిథిన్ కవరు ముక్క తీసుకుని నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించండి. రెండు రోజులాగి చూడండి. కవరుకు గోడ వైపు నీటి చుక్కలుంటే చెమ్మ గోడలో నుంచి వస్తోందని అర్థం. అప్పుడు బాత్రూము పైపు చూడాలి, బయట నీళ్లు గోడకు ఆనుకుని నిలుస్తున్నాయా చూడాలి. అది బాగుచేసి, గోడ ఎండేదాకా ఆగి, ఆ తర్వాతే లప్పం, రంగు.

ఇక నాలుగోది ఫోటోలో కనపడనిది. దుమ్ము. దీని గురించి మాట్లాడాలనే ఈ ఎపిసోడ్ పెట్టుకున్నాను అనుకోండి.

ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇంజినీర్డ్ స్టోన్‌ను నిషేధించింది. మన షాపుల్లో క్వార్ట్జ్ స్లాబు అంటారు, వంటింటి గట్టు మీద, టీవీ యూనిట్ మీద వేస్తారు. అట్లా నిషేధించిన మొదటి దేశం అదే. ఎందుకంటే ఆ రాయిలో 90 శాతం దాకా సిలికా ఉండొచ్చు. కోసేటప్పుడు వచ్చే సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి గడ్డకడుతుంది. సిలికోసిస్ అంటారు. అది వస్తే మళ్లీ మామూలు కాదు. రాళ్లు కోసే పనివాళ్లు వయసులో ఉండగానే ఈ జబ్బు పడుతున్నారని తెలిసి అక్కడ గొడవ జరిగింది, చివరికి రాయినే ఆపేశారు. ఆ స్లాబు ఇంట్లో ఉంటే మనకేం కాదు, ప్రమాదమంతా కోసేవాడికి. గ్రానైటులో, టైల్స్‌లో సిలికా తక్కువ, కానీ అదీ ఉంది.

ఇప్పుడు మన హాల్లో పని ఎట్లా జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఒక కుర్రవాడు బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతి మిషన్‌తో పొడిగా టైలు కోస్తుంటాడు. ముక్కుకు ఒక కర్చీఫు. గది నిండా తెల్లటి పొగ. మూసారాంబాగ్ ఇంట్లో కూడా అంతే. ఆ దుమ్ముకు తట్టుకోలేక నేను బయటికొచ్చి కార్లో అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాను. అతను లోపలే ఉన్నాడు. ఆ రోజు నాకది తప్పనిపించలేదు. ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

చేయాల్సింది పెద్దదేం కాదు. కటింగ్ గదిలో వద్దు, బయట గాలి ఆడే చోట. పొడిగా వద్దు, బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉండే కటింగ్ మిషన్ వాడమనండి. కర్చీఫు కాదు, ఎన్ 95 రకం మాస్కు, కోవిడ్‌లో మనందరికీ అలవాటైందే. సాయంత్రం చీపురుతో పొడిగా ఊడ్చకండి, తడి బట్టతో తుడవండి. పని మాట్లాడుకునేటప్పుడే "నీళ్ల కటింగ్ అయితేనే" అని చెప్పండి. కొంచెం ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి. మన హాలు మెరవాలని ఇంకొకరి ఊపిరి తీసుకోకూడదు కదా.

అట్లాగే వరండా మీది సిమెంటు రేకులు. పాతవాటిలో చాలావరకు ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆస్ట్రేలియాలో 2003 డిసెంబరు 31 నుంచి ఆస్బెస్టాస్ పూర్తిగా నిషేధం. పాత ఇల్లు ముట్టుకునే ముందు ఆస్బెస్టాస్ ఉందేమో చూసుకోమని అక్కడ మొదటి మాటగా చెప్తారు. మన దగ్గర ఆ రేకులు ఇంకా వాడుతూనే ఉన్నాం. తీసేటప్పుడు సుత్తితో పగలగొట్టకండి, మిషన్‌తో కోయకండి. నీళ్లతో బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించండి. విరిగిన ముక్కలు పాలిథిన్‌లో చుట్టించండి. పిల్లలను ఆ రోజు ఇంట్లో ఉంచకండి. వాళ్ల దేశం నుంచి తెచ్చుకోవాల్సింది ఇదిగో, ఈ జాగ్రత్త. ఇది ఏ ఫోటోలోనూ కనపడదు.

సరే, మళ్లీ ఆ అమ్మ దగ్గరికి వద్దాం. మేం ఏం చేశామంటే, ముందు కొడుకుతో మాట్లాడాను. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను, తప్పు నాదేనని చెప్పాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మ నాతో ఎప్పుడూ చెప్పలేదండీ, బాగుందనే అంటది" అన్నాడు. తల్లులంతే కదా. కొడుకు డబ్బు పెట్టి చేయించిన హాలు బాగాలేదని ఏ తల్లి చెప్తుంది?

అద్దం పూర్తిగా తీయలేదు. సగం తీసి, రెండు రెక్కలు తెరుచుకునే కిటికీ పెట్టించాం. బయట వెదురు తడికలు కట్టాం. ఎల్ షేపు సోఫాలో ఒక భాగం విడదీసి పక్క గదిలోకి పంపాం. దాని చోట పైనుంచి దివాన్ దించి మళ్లీ కిటికీ కిందికే తెచ్చాం. పాత టేకుది, కాస్త పాలిష్ పట్టించి కొత్త పరుపు వేయించాం, అంతే. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు, ఆమె కూర్చుంటే పాదాలు నేలకు సరిగ్గా ఆనాయి, చేయి పట్టుకోకుండానే లేచింది. దివాన్‌కు చేతికందే దూరంలో ఒక ప్లగ్ పాయింటు, ఫోన్ చార్జింగుకు. దివాన్ నుంచి బాత్రూము దాకా మూడడుగుల దారి, మధ్యలో టీపాయి లేకుండా. రాత్రి లేస్తే కనపడేటట్టు కింద ఒక చిన్న లైటు. మొత్తం వారం పని. మొదట పెట్టిన ఖర్చులో చాలా చిన్న భాగం. అంటే నేను మొదటిరోజే అడిగి ఉంటే, ఆ పెద్ద ఖర్చులో చాలావరకు అవసరమే ఉండేది కాదు.

తర్వాతి సంక్రాంతికి కొడుకు కుటుంబంతో వచ్చాడు. నన్ను భోజనానికి పిలిచారు. పోయేసరికి అతను ఆ దివాన్ మీదే బోర్లా పడుకుని ఉన్నాడు, అమ్మ పక్కన కూర్చుని ఉంది. సోఫా మీద పిల్లలు ఆడుకుంటున్నారు. "ఇక్కడ నుంచి గేటు కనపడుతుందండీ" అన్నాడు నాతో, అదేదో తను కొత్తగా కనిపెట్టినట్టు.

అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నా. హాలు పని ఒప్పుకునే ముందు వాళ్లకు ఒక నోటుబుక్కు పని ఇస్తాను. ఒక వారం రోజులు రాయండి. హాల్లో ఏ గంటకు ఎవరు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఏం చేస్తున్నారు. ఎండ ఏ టైముకు ఎక్కడ పడుతోంది. గాలి ఎటు నుంచి వస్తోంది. చెప్పులు ఎక్కడ వదులుతున్నారు. చుట్టాలొస్తే ఎంతమంది, ఎక్కడ పడుకుంటున్నారు. వారం తర్వాత ఆ పుస్తకం చూస్తే హాలు ఎట్లా ఉండాలో అదే చెప్తుంది. అప్పుడు ఫోటో తీయండి. ఫోటోలోని రంగు నచ్చిందా, తీసుకోండి. సోఫా బట్ట నచ్చిందా, తీసుకోండి. లెక్క మాత్రం మీ ఇంటిదే ఉండాలి.

పని మొదలుపెట్టాక వరుస కూడా గుర్తుంచుకోండి. ముందు లీకులు, చెమ్మ, పైపులు. తర్వాత కరెంటు లైన్లు. తర్వాత ప్లాస్టరు, ఫ్లోరు, సీలింగు. ఆ తర్వాత రంగు, చెక్కపని బిగింపు. సోఫా అన్నిటికన్నా చివర్లో. మనం సోఫా ముందు కొనేసి, దానికి తగ్గట్టు గోడలు మార్చుకుంటున్నాం.

బయట దేశాల్లో ఉన్న పిల్లలు ఎవరైనా ఇది చూస్తుంటే ఒక్క మాట. ఫోటో పంపే ముందు అమ్మకో నాన్నకో వీడియో కాల్ చేయండి. హాలు చూపించమని అడగకండి. "నువ్వు ఎక్కడ కూర్చుంటావు, అక్కడి నుంచి ఒకసారి ఫోన్ తిప్పి చూపించు" అని అడగండి. వాళ్లు చూసేది మీకూ కనపడుతుంది. హాలు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మీ ఇంట్లో హాలు కథ ఏదైనా ఉంటే నాకు రాయండి, ముఖ్యంగా చేసి పశ్చాత్తాపపడ్డవి. బాగా వచ్చిన హాలు అందరూ చూపిస్తారు. తప్పు చెప్పుకుంటే పదిమందికి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో వంటింటి గట్టు గురించి, ఏ రాయి, ఎంత ఎత్తు, ఎవరి ఎత్తుకు, మాట్లాడుకుందాం.